థియరెటికల్‌కీ హైపోథెటికల్‌కీ తేడా తెలియాలంటే ఈ డిక్షనరీ చూడండి (ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ రివ్యూ)

ముందే చెప్పేస్తున్నా, జీఆర్‌ఈకో ఐఈఎల్‌టీఎస్‌కో చదివేవాళ్ళు వర్డ్ లిస్టుల యాప్‌కి డబ్బులు కట్టే ముందు ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైట్ ఒకసారి ఓపెన్ చేసి చూడండి, అర్థాలు ఫ్రీగానే చూసుకోవచ్చు. మా పిన్ని కొడుకు ఫోన్లో ఒక ఫ్లాష్‌కార్డ్ యాప్ ఉంది, పేరెందుకులెండి, అందులో థియరెటికల్ కార్డ్ తిప్పితే హైపోథెటికల్, స్పెక్యులేటివ్, అబ్‌స్ట్రాక్ట్ అని మూడూ ఒకే లైన్లో పడేసి ఊరుకుంది. వాడేమో మూడూ ఒకటే అనుకుని బట్టీ కొడుతున్నాడు. 2011లో జీఆర్‌ఈలో యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జతల పోలికలు) తీసేశాక బట్టీతో పెద్దగా లాభం లేదు, ఇప్పుడు వాక్యంలో ఏ పదం అతుకుతుందో తెలియాలి, సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నల్లో ఆరు ఆప్షన్లిచ్చి వాక్యానికి ఒకే అర్థం వచ్చే రెండు ఏరమంటాడు.

అందుకే ఈ డిక్షనరీని ఆ ఒక్క థియరెటికల్‌తోనే టెస్ట్ చేశా. రెండు అర్థాలు విడివిడిగా ఇచ్చాడు. ఒకటి, ప్రాక్టికల్‌గా, ఎక్స్‌పెరిమెంట్‌గా కాకుండా సబ్జెక్ట్ మూలసూత్రాలకి సంబంధించింది. రెండోది, ఉండొచ్చు, జరగొచ్చు గానీ జరిగే ఛాన్స్ తక్కువ. మనవాళ్ళకి ఈ రెండోదే బుర్రలో ఉండిపోతుంది, థియరెటికల్ అంటే రుజువు కానిది అని ఫిక్సైపోతారు. మరి పదో క్లాస్ లెక్కల్లో థియరెటికల్ ప్రాబబిలిటీ సంగతేంటి? కాయిన్ ఎగరేస్తే హెడ్ పడే అవకాశం సగం అని ఎగరెయ్యకుండానే లెక్క కట్టి చెప్పేది అది, అందులో అనుమానం ఏముంది! కెమిస్ట్రీలో థియరెటికల్ యీల్డ్ కూడా అంతే, లెక్క ప్రకారం రావాల్సినంత అని.

హైపోథెటికల్ వేరే. లేకపోయినా, ఉందో లేదో తేలకపోయినా, ఉందనుకుందాం అని మొదలెట్టేది. ఫిజిక్స్‌లో హిగ్స్ బోసాన్ అనే కణం ఉండాలని 1964లో పేపర్లు రాశారు, 2012లో సెర్న్ అనే యూరప్ ఫిజిక్స్ ల్యాబ్ వాళ్ళు దొరికిందని చెప్పేదాకా అది హైపోథెటికల్ పార్టికల్, గ్రావిటాన్ అనే ఇంకో కణం ఇంకా హైపోథెటికలే. అదే ఆ పేపర్లు రాసినవాళ్ళలో ఒకరైన పీటర్ హిగ్స్‌ని మాత్రం థియరెటికల్ ఫిజిసిస్ట్ అంటారు, హైపోథెటికల్ ఫిజిసిస్ట్ అంటే అసలు అలాంటి మనిషే లేడని అర్థం వస్తుంది, పాపం. ప్రెస్ మీట్‌లో లీడర్లు జవాబు తప్పించుకోడానికి అది హైపోథెటికల్ క్వశ్చన్ అంటారు చూడండి, అక్కడ థియరెటికల్ అంటే అంత అతకదు.

స్పెక్యులేటివ్‌లో ఆధారాలు తక్కువ, అంచనా ఎక్కువ. దీనికి డబ్బు అర్థం కూడా వేరేగా ఇచ్చాడు, లాభం వస్తుందన్న ఆశతో రిస్క్ చేసి పెట్టేది అని. మన ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు షేర్లలో ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మేసే) లాభాన్ని స్పెక్యులేటివ్ ఇన్‌కమ్ అనేది ఈ లెక్కలోనే, దాన్ని హైపోథెటికల్ ఇన్‌కమ్ అని రాస్తే ఆడిటర్ నవ్వుతాడు.

నాకు బాగా నచ్చింది అర్థం రాసే పద్ధతి. 3000 తేలిక పదాల లిస్టు ఒకటి పెట్టుకుని ఎక్కువగా వాటితోనే రాస్తారు, కాబట్టి ఒక పదం అర్థం కోసం ఇంకో నాలుగు పదాలు వెతుక్కునే బాధ ఉండదు. దీన్ని మొదలెట్టిన హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పినాయన, 1942లో మొదటిసారి అచ్చైంది కూడా అక్కడే, అంటే మనలాగ ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ కోసమే పుట్టింది. ఆడియో బ్రిటిష్, అమెరికన్ రెండూ ఉన్నాయి, థియరెటికల్‌లో ఒత్తు రె మీద పడుతుందని వింటేగానీ తెలీదు. పదం పక్కన ఏ పదాలు వస్తాయో కూడా ఉదాహరణల్లో తెలిసిపోతుంది, హైలీ స్పెక్యులేటివ్, ప్యూర్లీ హైపోథెటికల్ లాంటివి.

లోటు అంటే తెలుగు ఉండదు. దానికి ఆంధ్రభారతి సైట్ ఉంది, పాత నిఘంటువులు చాలా ఒకేచోట వెతుక్కోవచ్చు, కానీ జాగ్రత్త, థియరెటికల్‌కి సైద్ధాంతిక అనుకుని ఆగిపోవద్దు. పేపర్లో సైద్ధాంతిక విభేదాలు అని రాసేది పార్టీల సిద్ధాంతాల గొడవ, అది ఐడియలాజికల్. అందుకని ఇంగ్లిష్ అర్థం ముందు చదివి తర్వాతే తెలుగు చూడండి. ఇంకోటి, ఈ నాలుగు పదాలూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పే టేబుల్ ఏమీ కనపడలేదు నాకు, ఒక్కోటి తెరిచి మనమే పోల్చుకోవాలి.

పుస్తకం కొనాలా అంటే, ఫోన్ పట్టుకుంటే రీల్స్‌లోకి జారిపోయేవాళ్ళయితే కొనండి. బాగా బరువు, పల్చటి కాగితం, అక్షరాలు చిన్నవి. కొత్త ఎడిషనే ఉండాలని లేదు, ఈ పదాలకి పాతదాంట్లో చూసినా సరిపోతుంది, హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, బేరం ఆడండి, కొనేముందు మధ్యలో పేజీలు చిరిగాయేమో ఒకసారి తిప్పి చూసుకోండి.