ఉప్పుగాలిలో ఇన్వర్టర్ ఏసీ: చాలాకాలం వాడాక రాజోలు వైపు నుంచి ఒక సమీక్ష

వాడుతున్నది 1.5 టన్నుల ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసరు వేగం మార్చుకునే) స్ప్లిట్ ఏసీ. రాగి కాయిల్, ఆర్32 గ్యాసు, 5 స్టార్. ఇల్లు కోనసీమలో రాజోలు వైపు, సముద్రపు గాలి బాగా తగిలే చోట ఉంది. చల్లదనానికి వంక పెట్టలేం. రోహిణి కార్తెలో కూడా 12 బై 14 గది 24 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. 2020 జనవరి నుంచి స్టార్ ముద్ర ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్నది నిబంధన. ఆ అంకె కిందికి దించాల్సిన పని పెద్దగా పడదు. చప్పుడు తక్కువ, పాత ఏసీతో పోలిస్తే కరెంటు బిల్లూ తక్కువే. మార్కులు తగ్గించాల్సింది మన్నిక దగ్గర. మన డెల్టాలో ఏ కంపెనీది కొన్నా ఇదే గొడవ కాబట్టి పేరు చెప్పడం లేదు. కొన్నాక దాన్ని ఎలా చూసుకుంటామన్నదే అసలు సంగతి.

ముందు పోయేది ఔట్‌డోర్ యూనిట్ వెనక జాలీలా కనిపించే కాయిల్. గొట్టాలు రాగివి, వాటి మీద రేకులు అల్యూమినియానివి. ఈ రెండు లోహాలు ఆనుకున్న చోట ఉప్పు, తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. ముందు రేకుల మొదట్లో తెల్లటి పొడి కనిపిస్తుంది. తర్వాత వేలితో తాకితే చాలు, రేకు పొడిపొడిగా రాలిపోతుంది. రేకులు పోతే వేడి బయటికి పోదు, కంప్రెసరు మీద ఒత్తిడి పెరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. ఎండ ముదిరేసరికి యూనిట్ తనంతట తనే ఆగిపోతుంది. నీలం పూత ఉన్న కాయిల్ కొంత ఎక్కువ కాలం వస్తుంది గానీ, సర్వీసుకు వచ్చినవాళ్లు తెల్లగా మెరవాలని యాసిడ్ కలిపిన కెమికల్ కొడితే ఆ పూత కాస్తా పోతుంది. యాసిడ్ వద్దని ముందే చెప్పేయండి.

అంతకన్నా పెద్ద తప్పు బోరు నీళ్లతో కడగడం. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు కొట్టి వదిలేస్తే ఆరిపోయాక రేకుల మధ్య ఉప్పు పేరుకుంటుంది, అంటే కడిగి మరీ చెడగొట్టుకున్నట్టు. పంచాయతీ కుళాయి నీళ్లో, వాన నీళ్లో, వడగట్టిన కాలువ నీళ్లో వాడాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి రెండు మూడు బిందెలు పట్టి ఉంచుకుంటే సరిపోతుంది. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్చి) దించి పది నిమిషాలు ఆగాలి, ఔట్‌డోర్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీది కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. పై మూత తీసి, బోర్డును ప్లాస్టిక్ కవరుతో చుట్టి, నీళ్లు లోపలి నుంచి బయటికి, రేకులకు తిన్నగా, మెల్లగా కొట్టాలి. బైకులు కడిగే జెట్టు దగ్గర పెట్టి కొడితే రేకులు మడతపడి గాలి ఆడదు. సముద్రానికి దగ్గరుంటే వానలు లేని నెలల్లో నెలకోసారి ఇలా మంచినీళ్లతో తడిపితే చాలు, షాంపూ కూడా అక్కర్లేదు.

ఇక గ్యాసు. చల్లదనం తగ్గిందని కబురు చేస్తే వచ్చినవాళ్లు తిన్నగా అనే మాట, "గ్యాస్ తగ్గింది సార్, పట్టించేద్దాం." గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు కట్టకుండా పట్టిస్తే మళ్లీ పోతుంది, మళ్లీ డబ్బులు కట్టాలి. ముందు నిజంగా తగ్గిందో లేదో చూడాలి. ఫిల్టరు మూసుకుపోతే ఇండోర్ కాయిల్ మొత్తం మంచు కడుతుంది. గ్యాసు తగ్గితే సన్న పైపు, కాయిల్‌లో అది కలిసే వైపు మాత్రమే మంచు కడతాయి, మిగతా కాయిల్ వెచ్చగా ఉంటుంది. ఇండోర్ పైన లోపలికి పోయే గాలికీ, కింద బయటికొచ్చే గాలికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే గ్యాసు జోలికి వెళ్లనక్కర్లేదు.

లీకు ఎక్కువగా ఉండేది ఫ్లేర్ నట్ల (వెడల్పు చేసిన రాగి పైపు అంచును బిగించే నట్ల) దగ్గర. ఔట్‌డోర్ పక్కన పావు అంగుళం, అర అంగుళం పైపులు కలిసే చోట నూనె మరక, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే లీకు అక్కడే. సబ్బు నురగ పెడితే బుడగ లేస్తుంది. నట్టు ఇంకా బిగించేస్తే రాగి అంచు పగులుతుంది. పైపు కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి, రెండు పానాలతో బిగించాలి. అక్కడ లేకపోతే ఇండోర్ కాయిల్ చూడాలి. కొత్త ప్లైవుడ్ కబోర్డులు, పెయింట్ల నుంచి వచ్చే ఆవిర్లు తేమతో కలిసి సన్న రాగి గొట్టాలకు కంటికి ఆనని బెజ్జాలు పెడతాయి. వాసన పోవాలని కాయిల్ మీద వెనిగర్ కొట్టడం మంచిది కాదనేది కూడా ఇందుకే.

లీకు కట్టాక నైట్రోజన్ ఎక్కించి, 350 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర అరగంటైనా గేజీ ముల్లు కదలకుండా నిలబడాలి. తర్వాత వ్యాక్యూమ్ పంపు అరగంటకు తగ్గకుండా నడిపి, 500 మైక్రాన్ల (లోపల మిగిలిన గాలి ఒత్తిడి కొలత) కిందికి దించాలి. పంపు తేకుండా కాస్త గ్యాసు వదిలి గాలి తోసేస్తామంటే ఒప్పుకోవద్దు. మన గాలిలో తేమ ఎక్కువ. అది లోపల ఉండిపోతే కంప్రెసరు నూనెతో కలిసి యాసిడ్ తయారై వైండింగును తినేస్తుంది. గ్యాసు తూకం వేసి పట్టించాలి, ఎన్ని గ్రాములో ఔట్‌డోర్ మీది ప్లేటు మీద రాసి ఉంటుంది. గేజీ మాట నమ్మేటట్టయితే రెండు సంగతులు గుర్తుండాలి. పాత ఏసీల్లో ఉండే ఆర్22 గ్యాసుకు 65, 70 పీఎస్ఐ చూసి అలవాటైనవాళ్లు ఆర్32కు కూడా అక్కడే ఆపేస్తే చాలా తక్కువ పట్టినట్టు, దీనికి వేసవిలో 120 నుంచి 150 దాకా చూపించాలి. ఇన్వర్టర్ ఏసీ కంప్రెసరు మెల్లగా తిరుగుతుంటే ఆ అంకె తప్పుగా వస్తుంది, 16 డిగ్రీలు, టర్బో పెట్టి పూర్తి వేగంలో చూడాలి. ఆర్32 మండే గుణమున్న గ్యాసు. లోపల గ్యాసు ఉండగా టార్చి వెలిగించనివ్వకండి.

ఇండోర్ నుంచి నీళ్లు కారడం ముసురు రోజుల్లో ఎక్కువ. అప్పుడు గంటకు లీటరు పైనే నీరు దిగుతుంది, డ్రైన్ పైపులో పాకుడు కడితే గోడ తడిసిపోతుంది. ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వంగిన ప్రతి చోటా నీళ్లు నిలుస్తాయి. దాన్ని పీకేసి, అంగుళం పీవీసీ పైపు, మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుతో వేయిస్తే బాధ దాదాపు తీరిపోతుంది. చివర కాలువలోనో బకెట్లోనో మునగకూడదు. మట్టిగూళ్లు పెట్టే కందిరీగలు ఆ నోరు మూసేస్తాయి, చిన్న జాలీ ముక్క కట్టండి. వానాకాలం డ్రై మోడ్ చాలు. ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో ఉంచితే కాయిల్ ఆరి ముక్క వాసన రాదు.

ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కడిగితే చాలు. అయితే సార్వా, దాళ్వా మాసూళ్లప్పుడు కోత మిషన్ల దుమ్ము గాల్లో ఉంటుంది, అప్పుడు వారానికోసారి. రైసుమిల్లు పక్కన ఇల్లయితే ఏడాది పొడుగునా అంతే.

బోర్డు విషయం బాధాకరం. స్టెబిలైజర్ అక్కర్లేదని అమ్ముతారు. లోవోల్టేజికి నిజంగానే తట్టుకుంటుంది. కానీ తుఫాను తర్వాత ఎక్కడో న్యూట్రల్ తెగి రెండు ఫేజులు కలిస్తే 400 వోల్టుల దాకా రావచ్చు, అప్పుడు బోర్డు ఒక్క క్షణంలో పోతుంది. అందుకని గాలివాన మొదలవ్వగానే ఎంసీబీ దించేయండి. కరెంటు వచ్చాక లైట్లు మామూలుగా వెలుగుతున్నాయో లేదో చూసి అప్పుడు ఎక్కించండి. ఏసీ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 3 వోల్టులు దాటితే ఎర్తింగు చూపించాలి, ఉప్పు నేలలో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు, క్లాంపు తొందరగా తుప్పు పడతాయి. బోర్డు మీద బల్లి పడి షార్టవ్వడం మన దగ్గర మామూలే, వైర్లు లోపలికెళ్లే సందులు పుట్టీతో మూయించండి.

1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవాళ్లకు గాలి ఉధృతి గురించి చెప్పక్కర్లేదు. గోడ స్టాండుకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వేయించండి, మామూలువి బయటికి బాగానే కనిపిస్తూ లోపల సన్నబడిపోతాయి. కొబ్బరిచెట్టు కింద ఔట్‌డోర్ పెట్టొద్దు. తప్పకపోతే అర మీటరు ఎత్తులో ఏటవాలుగా ఇనుప జాలీ వేయించండి. యూనిట్ చుట్టూ రేకులు కట్టేస్తే వేడి గాలే మళ్లీ లోపలికి పోతుంది, ముందు మీటరు ఖాళీ ఉండాలి.

కొనేటప్పుడు వారంటీ కాగితం మొత్తం చదవండి. కంప్రెసరుకు పదేళ్లని పెద్దక్షరాలతో ఉంటుంది. గ్యాసు, కూలి, రవాణా అందులో ఉంటాయో లేదో చూసుకోవాలి. కాయిల్‌కూ బోర్డుకూ ఎన్నేళ్లో, ఉప్పుగాలి వల్ల వచ్చే తుప్పును మినహాయించారో లేదో షాపులోనే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) తీసుకుంటే కాయిల్, బోర్డు, గ్యాసు మూడూ కలిసినదే తీసుకోండి. ఊరికే ఏడాదికి మూడు సర్వీసులంటూ ఇచ్చేది మన ఊళ్లకు దండగ, ఆ కడుగుడు మనమే మంచినీళ్లతో ఇంకా బాగా చేసుకోగలం.