ఏస్ టు ఫైవా, డ్యూస్ టు సెవెనా?

రెండూ లోబాల్ పోకరే, చిన్న ముక్కలున్నవాళ్లదే ఆట. కొత్తవాళ్లను నేనైతే ఏస్ టు ఫైవ్‌తో మొదలుపెట్టమంటాను. అందులో ఆసు అన్నిటికన్నా చిన్నది. సీక్వెన్స్ వచ్చినా, ఐదూ ఇస్పేట్లే అయినా నష్టం లేదు. 5-4-3-2-ఆసుకు తిరుగులేదు. జత పడకుండా చూసుకుంటే సగం టెన్షన్ పోయినట్టే.

డ్యూస్ టు సెవెన్ అలా కాదు. ఆసు పెద్దది, సీక్వెన్స్ వచ్చిందంటే మునిగినట్టే (రమ్మీ అలవాటున్న మనకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు). మేటి చేయి 7-5-4-3-2, అదీ ఐదూ ఒకే గుర్తు కాకుండా.

చేతిలో 3-4-5-6 ఉందనుకోండి. అక్కడ ఆసు వచ్చినా, 2 వచ్చినా పండగే. ఇక్కడ 2 వచ్చినా, 7 వచ్చినా సీక్వెన్స్! అదే 2-3-4-7 పట్టుకుని ఒక్క ముక్క మార్చుకుంటే, ఏది వచ్చినా ఆ భయం లేదు.