హోలీ ల్యాండ్ టూర్‌తో పాటు 'లాలిబెలా' కూడా అంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మొన్న మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. ఎర్రరాతి గుంటలో సిలువ ఆకారపు చర్చి ఫొటో, దాని కింద 'ఇజ్రాయెల్ యాత్రతో పాటు ఆఫ్రికా జెరూసలేం లాలిబెలా, రెండు రాత్రులు' అని. చూడగానే గుర్తుపట్టాను. 2019 నవంబరులో మా అమ్మా నేనూ ఇదే ఫొటో చూసి డబ్బు కట్టాం. ఇప్పుడు ఏజెంటు పేరు వేరు. రాత మాత్రం అక్షరం మారలేదు. ఇంకెవరూ ఇరుక్కోకూడదని రాస్తున్నాను.

ఇథియోపియాలోని ఆ ఊరి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సముద్రమట్టానికి సుమారు 2,500 మీటర్ల ఎత్తున, కొండల మధ్య 11 చర్చిలు. కట్టినవి కావు, కొండరాతిని తొలిచినవి. 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట్లో పాలించిన లాలిబెలా రాజు పేరే ఊరికీ పెట్టారు. 1978లో యునెస్కో జాబితాలో చేరింది. మన ఎల్లోరా కైలాసాలయం చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది: పైనుంచి కిందికి చెక్కుకుంటూ వెళ్లడం. తేడా ఏమిటంటే, ఇక్కడ ఇవాళ్టికీ పూజారులు ఉన్నారు, ఆరాధన జరుగుతోంది.

మోసమంతా మాకు అమ్మిన కాగితంలో ఉంది.

ఇజ్రాయెల్ నుంచి తిరుగు ప్రయాణంలో అడిస్ అబాబాలో దిగి, అక్కడినుంచి లోకల్ విమానంలో లాలిబెలా. దీనికి మనిషికి అదనంగా 52 వేలు. మా గ్రూపులో ఆరుగురం కట్టాం. కాగితంలో 'లాలిబెలా చర్చెస్ వ్యూయింగ్' అని ఉంది. ఆ 'వ్యూయింగ్' అన్న మాట దగ్గరే మేం ఆగాల్సింది. మేం చూసుకోలేదు.

మొదటిరోజు మధ్యాహ్నం దిగాం. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లకు పైనే, ఘాట్ రోడ్డు. ఏజెంటు తాలూకు కుర్రాడు వచ్చి, ఎత్తు ప్రదేశం కాబట్టి ఈరోజు రెస్ట్ తీసుకోండి అని సిలువలు, కండువాలు అమ్మే రెండు షాపులకు తిప్పి హోటల్లో దించాడు. అమ్మకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది కాబట్టి మేమూ సరేనన్నాం. వెళ్తూ వెళ్తూ 'రేపు రెండు గంటలకు వస్తాను' అన్నాడు.

మర్నాడు శనివారం, సంత రోజు. రెండింటిదాకా టైముంది కదా అని టిఫిన్ కాగానే అందరం సంతకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి రిసెప్షన్‌లో చెప్పారు, మీ మనిషి పొద్దున్న ఎనిమిదికే వచ్చి చాలాసేపు కూర్చుని వెళ్లిపోయాడని. అప్పుడు తెలిసింది. అక్కడ గంటలు పొద్దున్న ఆరు నుంచి లెక్కపెడతారు. మన పెద్దలు సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే. వాళ్ల రెండు గంటలంటే మన ఉదయం ఎనిమిది. ఆ కుర్రాడిది తప్పనను. గ్రూపులను పంపి బతికే ఏజెంటుకు ఈ సంగతి తెలియకపోవడం తప్పే. ఎవరైనా టైము చెబితే 'మన లెక్కా, మీ లెక్కా' అని అడిగి తీరండి.

ఫోన్ల మీద ఫోన్లు చేస్తే మూడున్నరకు వచ్చాడు. ఒక మిట్ట మీదికి తీసుకెళ్లి, దూరంగా కింద కనబడే బేత గియోర్గిస్ (ప్రకటన ఫొటోలోని సిలువ ఆకారపు చర్చి ఇదే) చూపించి, ఫొటోలు తీసుకోండి అన్నాడు. తీసుకున్నాం. 'ప్రోగ్రామ్ అయిపోయింది' అన్నాడు.

లోపలికి వెళ్లాలంటే అప్పట్లో టికెట్టు మనిషికి 50 డాలర్లు, అది ప్యాకేజీలో లేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే 'సార్, కాగితంలో వ్యూయింగ్ అనే కదా రాశాం' అన్నాడు. గాలిగోపురం చూపించి దర్శనం అయిపోయిందన్నట్టు! నలుగురు వెనక్కి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం కదల్లేదు. ఇద్దరికీ వంద డాలర్లు కట్టాను. నిజానికి ఆ టికెట్టు కొన్ని రోజులపాటు చెల్లేది. మా విమానం మర్నాడు పొద్దున్నే. సాయంత్రం అయిదున్నరకు మూసేస్తారు, మాకు మిగిలింది గంటన్నర.

రాతిలో తవ్విన కందకం గుండా గియోర్గిస్ దగ్గరికి దిగాం. సుమారు 12 మీటర్ల లోతు. పైనుంచి బొమ్మలా కనిపించింది, కిందికి దిగేసరికి తల పూర్తిగా ఎత్తితే గానీ కప్పు కనబడలేదు. చుట్టూ గోడల్లోని గుహల్లో ఎప్పటివో యాత్రికుల అస్థికలు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి అమ్మ ఓ మూల కూర్చుంది. నేను లేవమనలేకపోయాను. ఆ తర్వాత బేత మెధానే అలెం ఒక్కటే చూడగలిగాం. అన్నిటికన్నా పెద్దది, పొడవు 33 మీటర్ల పైనే. దాని మీద ఇప్పుడు ఇనుప స్తంభాలతో పెద్ద రక్షణ కప్పు వేసి ఉంది. ప్రకటనల్లో అది కనబడదు. మిగతా తొమ్మిదీ చూడకుండానే వచ్చేశాం.

(కుర్రాడు పదకొండూ ఒకే రాయి అన్నాడు, అది కూడా తప్పే. చుట్టూ విడిగా నిలబడే ఏకశిలా చర్చిలు నాలుగే, మిగతావి ఏదో ఒక వైపు కొండకు అతుక్కుని ఉంటాయి. అతని మెడలో గైడు కార్డు లేదు.)

ఇంటికొచ్చాక ఇంకోటి తెలిసింది. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌లో అంతర్జాతీయ టికెట్టు ఉన్నవాళ్లకు దేశం లోపలి టికెట్టు బాగా తగ్గింపు ధరకు వస్తుంది. మాకు ఆ టికెట్టు ఉంది. ఏజెంటు మా దగ్గర తీసుకున్నది పూర్తి ధర.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది టీకా విషయం. 'మీది ట్రాన్సిట్ కదా, ఎల్లో ఫీవర్ టీకా అక్కర్లేదు' అన్నారు. దేశంలో రెండు రాత్రులు ఉండి వచ్చేవాళ్లది ట్రాన్సిట్ ఎలా అవుతుంది? సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మా ఆఫీసులో ఒకాయన చెప్పబట్టి హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం. సర్టిఫికెట్ పది రోజుల తర్వాతే చెల్లుతుంది, చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. అమ్మకు 64, డాక్టరు చాలాసేపు ఆలోచించాకే ఒప్పుకున్నారు.

ఇప్పుడు వచ్చిన ప్రకటన గురించి. నేను వెళ్లినప్పుడు గొడవల్లేవు. లాలిబెలా ఉన్నది అమ్హారా ప్రాంతంలో. 2021లో యుద్ధం ఆ ఊరిదాకా వచ్చింది, 2023 ఆగస్టు నుంచి అక్కడ ఫానో అనే స్థానిక సాయుధ దళాలకూ ప్రభుత్వ సైన్యానికీ పోరు నడిచింది. ప్రకటనలో దీని మీద ఒక్క ముక్క లేదు. విమానాలు నడుస్తున్నాయా, మన ఎంబసీ ఏమంటోంది, గొడవలున్న చోట మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అన్నవి ఏజెంటును కాకుండా నేరుగా మీరే కనుక్కోండి. చాలా పాలసీలు అలాంటి చోట్ల చేతులెత్తేస్తాయి.

ఇవన్నీ చూసుకుని కూడా వెళ్లాలనుకుంటే, కాగితంలో 'ప్రవేశ రుసుముతో సహా' అని రాయించుకోండి. గైడుకు కార్డు ఉండాలని, చర్చిలకు కనీసం ఒక పూర్తి రోజు ఇవ్వాలని కూడా. మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు కాబట్టి పూట లెక్క చెబితే ఒప్పుకోవద్దు. బేత గోల్గోతా అనే చర్చిలోకి ఆడవాళ్లను రానివ్వరు. అది మీ అమ్మకో అక్కకో గుమ్మం దగ్గర తెలియడం కన్నా ఇక్కడే తెలియడం మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్తుంటే 'సీనియర్ సిటిజన్లకు అనుకూలం' అన్న మాట నమ్మకండి. ఎగుడుదిగుడు మెట్లు, కొన్నిచోట్ల చీకటి సొరంగాలు. టార్చి, మందపాటి సాక్సులు పెట్టుకోండి. లోపల తివాచీల్లో గెంతే చిన్న పురుగులు (ఫ్లీస్) కుడతాయి, నాకు వారం రోజులు దురద తగ్గలేదు.

భోజనం గురించి మాత్రం టెన్షన్ వద్దు. మాకు ఇస్తామన్న 'ఇండియన్ వెజ్' ఎక్కడా దొరకలేదు గానీ, బుధ, శుక్రవారాల్లో వాళ్లకు ఉపవాసం. ఆ రోజు ఏ హోటల్లో అడిగినా పప్పులు, కూరలతో పుల్లట్టు లాంటి ఇంజెరా పెడతారు. మేం శుక్రవారం రాత్రి అదే తిన్నాం, అమ్మకు బాగా నచ్చింది.

డబ్బు విషయానికొస్తే, మూడు నెలలు తిరిగితే మనిషికి నాలుగు వేలు వెనక్కిచ్చారు, అదీ 'గుడ్‌విల్' అంటూ. మా పాత కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మీకు వచ్చిన ప్యాకేజీతో పోల్చి చూసుకోవాలంటే అడగండి, పేర్లు కొట్టేసి ఫొటో పంపుతాను.