కింగ్‌స్టన్‌లో పాటల రికార్డుల గది పేరుతో మమ్మల్ని మోసం చేశారు

జమైకా రాజధాని కింగ్‌స్టన్ వెళ్లాలనుకునేవాళ్లకి ముందే చెబుతున్నాను. పాత రికార్డులు వినే గది ఉందని ఏ గెస్ట్‌హౌస్ వాళ్లు చెప్పినా నమ్మి అదనంగా డబ్బు కట్టకండి. మేం కట్టాం. రాత్రికి 24 డాలర్ల చొప్పున నాలుగు రాత్రులకి 96 డాలర్లు.

ఈ ప్రయాణం మా అన్నయ్య కోసం. ఇప్పుడు 66 ఏళ్లు. విశాఖలో ఇంటర్ చదివేటప్పుడు పక్కింట్లో ఓడ మీద పనిచేసే ఆయన ఒకరు ఉండేవారు. ఆయన తెచ్చిన ఎల్పీలు (పెద్ద పాటల రికార్డులు) వినీ వినీ అన్నయ్యకి రాక్ బృందం రోలింగ్ స్టోన్స్, రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అంటే పిచ్చి పట్టింది. 1974లో క్లాప్టన్ పాడి అమెరికాలో నంబర్ వన్ చేసిన ‘ఐ షాట్ ద షెరిఫ్’ నిజానికి జమైకా సంగీతమైన రెగే పాడే బాబ్ మార్లీ పాట అని చెప్పి, మార్లీ బృందం వెయిలర్స్ రికార్డు ‘క్యాచ్ ఎ ఫైర్’ పెట్టి వినిపించింది కూడా ఆయనే. అందుకే అన్నయ్య, వదిన అట్లాంటాలో మా ఇంటికి వచ్చినప్పుడు టికెట్లు తీసేశాను. విమానంలో మూడు గంటలే. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీకి 35 డాలర్లు.

గెస్ట్‌హౌస్ న్యూ కింగ్‌స్టన్‌లో ఉంది. గది 95 డాలర్లు, రెండు గదులు తీసుకున్నాం. ఫొటోల్లో గోడ నిండా ఎల్పీలు, రికార్డు ప్లేయర్, మనిషెత్తు స్పీకర్లు రెండు. అన్నయ్య విమానంలోనే ఏ రాత్రి ఏది వినాలో కాగితం మీద రాసుకున్నాడు. పెట్టెలు గదిలో పడేసి నేరుగా అక్కడికే వెళ్లాడు. ‘క్యాచ్ ఎ ఫైర్’ అట్ట కనిపించింది. తీసి చూస్తే లోపల రికార్డు లేదు. పక్కదీ ఖాళీ. ఇరవై దాకా చూశాం, అన్నీ ఉత్త అట్టలే. ప్లేయర్‌కి ముల్లు లేదు. స్పీకర్లకి వైర్లు లేవు. రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే అవి అలంకారానికని చెప్పి, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ చేతిలో పెట్టింది. అదీ రాత్రి ఎనిమిది తర్వాత వాడకూడదట.

మేనేజర్ మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. గదిని ‘వాడుకున్నారు కదా’ అన్నాడు. గంటన్నర వాదిస్తే ఒక్క రాత్రి డబ్బు, 24 డాలర్లు, తగ్గించాడు. మిగతా 72 ఇవ్వనన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నయ్య మాత్రం గొడవలోకి రాలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రాత్రి భోజనం కూడా వద్దన్నాడు. ఆ మొహం చూశాక డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

56 హోప్ రోడ్‌లోని మార్లీ ఇల్లు, ఇప్పుడు మ్యూజియం, చూడాల్సిందే. 1976 డిసెంబరు 3న దుండగులు ఇంట్లోకి చొరబడి కాల్చిన తూటాల గుర్తులు గోడకి ఇంకా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత ఆ గాయాలతోనే మార్లీ కచేరీ చేశాడు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. గుంపుతో నడిపించేస్తారు కాబట్టి నిలబడి చూసే తీరిక ఉండదు.

మార్లీ పెరిగిన వాడ ట్రెంచ్‌టౌన్‌లో, ఆనాటి ఇళ్లనే మ్యూజియంగా ఉంచిన కల్చర్ యార్డ్‌కి మాత్రం సగం రోజు పెట్టుకోండి. సొంతంగా తిరగొద్దు, అక్కడి గైడ్‌ని తీసుకోండి. టాక్సీని రోజంతా ఉంచుకున్నందుకు మాకు 80 డాలర్లయింది. ఉమ్మడి పెరడు, చుట్టూ ఇరుకు గదులు. మార్లీ వాడిన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ తుప్పు పట్టి ఒక మూలన ఉంది. ‘నో వుమన్ నో క్రై’ పాట రాసినట్టు రికార్డు మీద పేరున్న విన్సెంట్ ఫోర్డ్ ఈ వాడ మనిషే. మా గైడ్ పెద్దాయన. అన్నయ్య తొడ మీద తాళం వేస్తుంటే ఆపి, “మొదటి దెబ్బ వదిలెయ్యి” అన్నాడు. నాలుగు దెబ్బల్లో ఒకటి ఖాళీ, మూడు మీద డ్రమ్ము, రెండూ నాలుగూ గిటార్‌వి. యాభై ఏళ్లుగా రాక్ పాటలకి వేసినట్టే రెగేకీ తాళం వేస్తున్నానని అన్నయ్య అప్పుడే గ్రహించాడు. పావుగంట ఇద్దరూ చేతులతో తాళం వేస్తూ కూర్చున్నారు. ముందు రోజు ముడుచుకుపోయిన మనిషి అక్కడ మళ్లీ మాటల్లో పడ్డాడు.

మా వదిన శాకాహారి. ఏం తినాలా అని బయలుదేరిన రోజు నుంచీ ఆమెకి టెన్షన్. గైడ్ ఒక రాస్తాల (జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతం వాళ్ల) వంటింటికి పంపాడు. వాళ్ల ‘ఐటల్’ వంటలో మాంసం ఉండదు, ఉప్పు కూడా వెయ్యరు. కొబ్బరిపాలలో ఉడికించిన బీన్స్, అరటికాయ, పక్కన కల్లాలూ అనే ఆకుకూర. ముగ్గురికీ కలిపి 3,600 జమైకా డాలర్లు, అంటే సుమారు 23 అమెరికన్ డాలర్లు. మొదటి ముద్దకి “ఉప్పు లేకుండా ఎలా తింటారమ్మా?” అంది. ఆకుకూర నోట్లో పెట్టుకోగానే “ఇది మన తోటకూరే” అని గట్టిగా అనేసింది. నిజంగా తోటకూర జాతే. ఉల్లిపాయ, మిరపకాయ వేసి మగ్గించారు. రెండోసారి వడ్డించుకుంది. తర్వాత రెండు పూటలూ అక్కడే తిన్నాం.

ఆ మర్నాడు పోర్ట్ రాయల్ అనే పాత రేవు ఊరు చూశాం, బాగానే ఉంది.

చివరి రోజు ఆరెంజ్ స్ట్రీట్‌లో ఒక చిన్న రికార్డుల షాపుకి వెళ్లాం. ఏసీ లేదు, కూర్చోవడానికి ఒక్కటే స్టూలు. అడిగిన ప్రతి రికార్డూ ప్లేయర్ మీద పెట్టి వినిపించాకే అమ్మారు. చిన్న రికార్డులకి ఒకవైపు పాట, రెండోవైపు గొంతు తీసేసి డ్రమ్మూ బేస్ గిటారూ మాత్రం మిగిల్చిన ‘వెర్షన్’ ఉంటుంది. అన్నయ్య రెండు వైపులా విన్నాడు. మాటల్లో రోలింగ్ స్టోన్స్ 1972 చివర్లో ఈ ఊళ్లోనే, డైనమిక్ సౌండ్స్ స్టూడియోలో, ‘గోట్స్ హెడ్ సూప్’ ఆల్బం రికార్డు చేసిన సంగతి వచ్చింది. అన్నయ్య దానికి బదులుగా ‘క్యాచ్ ఎ ఫైర్’లో లీడ్ గిటార్ అలబామా కుర్రాడు వేన్ పెర్కిన్స్ లండన్‌లో వాయించి చేర్చాడని చెప్పాడు. రాక్ వాళ్లు ఇక్కడికొచ్చారు, ఇక్కడి పాట రాక్ గిటార్‌తో బయటికెళ్లింది. షాపాయన ‘క్యాచ్ ఎ ఫైర్’ పాత కాపీ తీసి పెట్టాడు. జేబులో మడిచిన కాగితం మీద అన్నయ్య మొదట రాసుకుంది అదే. రెండు గంటలు కూర్చున్నాం. కూర్చున్నందుకు పైసా అడగలేదు.

చిన్న రికార్డులు ఆరు, ఒక్కొక్కటి 10 డాలర్లు. ఆ ఎల్పీ అంచులు నలిగి ఉన్నా 45 డాలర్లు పెట్టి తీసుకున్నాడు. మొత్తం 105. నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

72 డాలర్ల కోసం కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, ఫొటోలు కూడా జత చేశాను. ఇంకా తేలలేదు. రికార్డులు మాత్రం వదిన చీరల మడతల్లో పెట్టుకుని విశాఖ తీసుకెళ్లారు. ఒక్కటీ పగల్లేదని, ముల్లు కొత్తది వేయించానని నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు.