కొలోన్ కార్నివాల్: తిరగేసిన గొడుగుతో రెండు రోజులు

సెవరిన్ వీధిలో మా పక్కన నిలబడ్డ పెద్దావిడ తేనెటీగ వేషంలో ఉంది. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. నా చంకలోని గొడుగు చనువుగా లాక్కుని, తెరిచి, తలకిందులుగా నా చేతిలో పెట్టింది. వాన లేదుగా అనేలోపే ఊరేగింపులో మొదటి బండి వచ్చింది. "కమెల్లె!" అని వీధంతా అరిచింది. గొడుగులో టపటపా చాక్లెట్లు రాలాయి. కమెల్లె అంటే జర్మనీలోని ఈ కొలోన్ నగరం యాసలో మిఠాయిలు. రెండు రోజుల్లో మావాడు నేర్చుకున్న జర్మన్ అంతా ఆ ఒక్క మాటే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరేళ్లుగా ఉంటున్నా ఈ సంబరానికి వెళ్లడం 2024 ఫిబ్రవరిలోనే కుదిరింది. లెక్కకు సీజన్ నవంబరు 11న, 11 గంటల 11 నిమిషాలకే మొదలవుతుంది. అసలు వీధి సందడి మాత్రం ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు మొదలయ్యే ముందు వారంలో. గురువారం ఆడవాళ్ల రోజు, టై కట్టుకున్న మగవాడు దొరికితే కత్తెరకు పని. ఆ రోజు తాగుడు ఎక్కువని విని, పిల్లవాడితో ఎందుకని ఆది, సోమవారాలకు వెళ్లాం.

బస విషయంలో కొలోన్‌ను వదిలేయడమే మంచిదయింది. డిసెంబరులో వెతికితేనే ధరలు రెట్టింపు, కనీసం మూడు రాత్రులు ఉండాలని షరతు, రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. బాన్‌లో స్టేషన్ దగ్గరే చిన్న గది దొరికింది. ప్రాంతీయ రైలులో అరగంట లోపే కొలోన్. అప్పట్లో 49 యూరోలున్న నెలవారీ టికెట్ ఉండటంతో వేరే ఛార్జీ కూడా లేదు. తిరుగు రైలు మాత్రం మన సంక్రాంతి రైళ్లకు తీసిపోలేదు. ఒక డైనోసార్ తోక నా మోకాళ్ల మధ్య ఇరుక్కుని బాన్ దాకా వచ్చింది.

వేషం లేకుండా మాత్రం వెళ్లకండి. అక్కడ మామూలు బట్టల్లో ఉన్నవాడే వింతగా కనిపిస్తాడు. పంచె కట్టుకుంటే సరిపోదా అన్నాడు ఒక మిత్రుడు. మన బట్టల్ని మనమే వేషం చేసుకోవడం నాకు నచ్చలేదు, పైగా ఆ చలికి పంచె! వంటవాడి టోపీ, తెల్ల కోటు కొన్నాను. కోటు రెండు సైజులు పెద్దది తీసుకోవాలి, లోపల చలికోటు పట్టాలి కదా. మావాడికి పులి వేషం.

ఆదివారం ఊరేగింపు బడులది, పేటలది. పిల్లలు, తల్లిదండ్రులు సొంతంగా కుట్టుకున్న వేషాలు, తోసుకుంటూ వచ్చే చిన్న బండ్లు. మిఠాయి విసిరేవాళ్లు పిల్లవాడి కళ్లలోకి చూసి మరీ విసురుతారు. సోమవారం లెక్కే వేరు. 1823 నుంచి వస్తున్న రోజెన్‌మోంటాగ్, అంటే కార్నివాల్ సోమవారం ఊరేగింపు అది. దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దారి, మన ముందు నుంచి పూర్తిగా సాగిపోవడానికే గంటలు పడుతుంది. నాయకులను వెక్కిరించే భారీ బొమ్మలు, గుర్రాలు, బ్యాండు మేళాలు. చక్రాల దగ్గరికి పిల్లలు రాకుండా ప్రతి బండికీ మనుషులు కాపలాగా నడుస్తారు, ఆ ఏర్పాటు మెచ్చుకోదగినది. చివర్లో రాకుమారుడు, రైతు, కన్య అనే ముగ్గురు వస్తారు. కన్య వేషం ఆనవాయితీగా మగవాడిదే. కూచిపూడి భామాకలాపంలో మగ సత్యభామను చూసిన మాకు అది వింత కాలేదు. చాక్లెట్ డబ్బా నుదుటికి తగిలి బొప్పి కట్టింది కూడా ఆ సోమవారమే. పిల్లలుంటే నా ఓటు ఆదివారానికే.

మరుగుదొడ్ల దగ్గర అరగంట వరుస. సాయంత్రానికి కాళ్ల కింద బీరు, చిత్తుకాగితాలు, అక్కడక్కడ గాజుపెంకులు. కొన్ని పేటల్లో గాజుసీసాలు నిషేధమే, అయినా బూట్లు మందంగా ఉండాలి.

తిండి సంగతి. సోమవారం మాంసం ముట్టని మా ఆవిడకు మెనూలో "హాల్వర్ హాన్" కనిపించింది. అంటే సగం కోడిపుంజు. "ఏమండీ, ఇక్కడ నాకేమీ లేదు, పదండి" అని లేచింది. తీరా పక్క బల్ల మీదికి వచ్చింది చూస్తే రై రొట్టె, దాని మీద మందంగా కోసిన చీజు ముక్క, ఉల్లి, ఆవాల ముద్ద. కోడి ఈక కూడా లేదు! రెండు తిన్నది. నా ముందు కోల్ష్ బీరు, 200 మిల్లీలీటర్ల సన్నని గ్లాసు. ఖాళీ అయితే అడగకుండానే ఇంకోటి వచ్చి వాలుతుంది. ఆపాలంటే గ్లాసు మీద అట్టబిళ్ల పెట్టాలట, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. అది తెలిసేసరికి నాలుగు అయ్యాయి.

ఆ హోటల్ గుమ్మం పైన గడ్డిబొమ్మ ఒకటి వేలాడుతోంది. పేరు నుబెల్. పండుగ రోజుల్లో అందరూ చేసిన తప్పులన్నీ దాని నెత్తిన రుద్ది, మంగళవారం రాత్రి తగలబెడతారు. చూసే భాగ్యం మాకు లేదు. మంగళవారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆఫీసు. పులి నా భుజం మీద నిద్రపోతుంటే, నాలుగు కిలోల మిఠాయి మా ఆవిడ మోసింది.