చెన్నైలో ఊపిరితిత్తుల ఎస్‌బీఆర్‌టీ: చికిత్సకు నూటికి తొంభై, కాగితాలకు పాస్ మార్కులు కూడా కష్టమే

మా మామగారికి కుడి ఊపిరితిత్తిలో, పక్కటెముకలకు దగ్గరగా, తొలి దశలోనే బయటపడిన క్యాన్సర్ కణితికి చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎస్‌బీఆర్‌టీ అనే రేడియేషన్ చికిత్స చేయించాము. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వైద్యం కోసం ఈ నగరానికి వచ్చే మనవాళ్లు చాలామంది ఉన్నారు కనుక, ఆ సేవ ఎలా ఉన్నదో వివరంగా రాస్తున్నాను. ఆసుపత్రి పేరు కావాలనే రాయడం లేదు. నేను ఎత్తిచూపే లోపాలు చాలాచోట్ల ఉన్నవే. మెచ్చుకునే అంశాలు తమ దగ్గర ఉన్నాయో లేదో ఏ ఆసుపత్రినైనా అడిగి తెలుసుకోవచ్చు.

కణితి చిన్నదిగా ఉండి, లింఫ్ గ్రంథులకు పాకనప్పుడు, తట్టుకోగలిగినవారికి ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసివేయడమే ఇప్పటికీ వైద్యులు మొదట చెప్పే మార్గం. మామగారిది ఏళ్ల తరబడి పొగ తాగి, సీఓపీడీ అనే దీర్ఘకాల శ్వాస జబ్బుతో అలసిపోయిన ఛాతీ. శ్వాస సామర్థ్య పరీక్ష ఫలితం చూసిన సర్జన్, ఒక లోబ్ (ఊపిరితిత్తిలో ఒక భాగం) తీసేస్తే ఆ తర్వాత ఆక్సిజన్ సిలిండర్ పక్కనే రోజులు గడపవలసి రావచ్చని మొహమాటం లేకుండా చెప్పి, రేడియేషన్ విభాగానికి పంపారు. చేతికి వచ్చిన కేసును ఇలా వదులుకోవడం ప్రైవేటు వైద్యంలో చిన్న సంగతి కాదు. చురుకైన కణాలను మెరిసేలా చూపే పెట్ సీటీ స్కాన్‌లో కణితి మెరిసినా, సూదితో ముక్క తీసి పరీక్షించనిదే చికిత్స మొదలుపెట్టబోమని వారు పట్టుబట్టడం కూడా నాకు నచ్చింది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో టీబీ గడ్డలు కూడా పెట్ స్కాన్‌లో అలాగే మెరుస్తాయి.

మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనే పాత పద్ధతిలో రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున సుమారు ఆరు వారాల పాటు ఆసుపత్రి చుట్టూ తిరగాలి. ఎస్‌బీఆర్‌టీలో అనేక దిక్కుల నుంచి సన్నని కిరణాలు కణితి మీద కలిసేలా పంపి, సాధారణంగా మూడు నుంచి ఐదు విడతల్లో ముగిస్తారు. మెదడుకు వాడుతున్న ఈ పద్ధతిని 1990ల మొదట్లో స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఆసుపత్రి వైద్యులు ఒంట్లోని ఇతర భాగాలకు తెచ్చారు. మామగారి కణితి ఛాతీ గోడకు దగ్గరగా ఉన్నందున, మూడు విడతల్లో 54 గ్రే కాకుండా నాలుగు విడతల్లో 48 గ్రే ఇచ్చారు. ఈ రెండు మోతాదులతోనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 101 మంది మీద జరిపిన చిజెల్ అధ్యయనం 2019లో వెలువడింది. కణితి ఉన్నచోటే మళ్లీ పెరగడం పాత పద్ధతిలో 31 శాతం మందిలో, ఈ పద్ధతిలో 14 శాతం మందిలో కనిపించింది.

ఆసుపత్రి కరపత్రంలో మాత్రం 98 శాతం విజయమని పెద్ద అక్షరాల్లో వేశారు. 2010లో అచ్చయిన ఆర్‌టీఓజీ 0236 అనే అధ్యయనంలో అలాంటి అంకె ఉన్న మాట నిజమే, కానీ అది ఆ కణితి మూడేళ్ల పాటు ఉన్నచోట పెరగకుండా ఆగిన లెక్క. అదే అధ్యయనంలో మూడేళ్లకు బతికి ఉన్నవారు సుమారు 56 శాతం. ఆపరేషన్‌కు పనికిరానంతగా ఇతర జబ్బులు ఉన్నవారినే అందులో చేర్చారు, కొందరిలో క్యాన్సర్ మరోచోట తేలింది. డాక్టరుగారు మేము అడగకముందే రెండు అంకెలూ చెప్పారు కాబట్టి సరిపోయింది గానీ, కరపత్రం రాసినవారికి ఆ పాటి నిజాయితీ లేదు.

ఈ సేవలో అన్నిటికన్నా నాకు నచ్చినది సిమ్యులేషన్, అంటే చికిత్సకు ముందు రోగిని పడుకోబెట్టి కొలతలు తీసుకోవడం. మామగారిని సన్నని పూసలు నింపిన పరుపు మీద, చేతులు తలపైకి పెట్టించి పడుకోబెట్టి, లోపలి గాలి లాగేయగానే అది ఆయన వీపు, భుజాల అచ్చుకు తగ్గట్టు గట్టిపడింది. ఊపిరి తీసే ప్రతి దశలోనూ కణితి ఎక్కడ ఉన్నదో పట్టే 4డీ సీటీ తీశారు. మోతాదు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్ట్ మమ్మల్ని లోపలికి పిలిచి తెర మీద చూపించినప్పుడు, ఆ తెల్లటి మచ్చ శ్వాసతో పాటు పైకీ కిందికీ సెంటీమీటరు దాకా ఊగుతున్నది. పొట్ట మీద బెల్టు బిగించి మళ్లీ తీస్తే ఆ కదలిక సగానికి తగ్గింది. కదలిక తగ్గిన కొద్దీ చుట్టూ ఉన్న మంచి ఊపిరితిత్తికి తగిలే కిరణాలూ తగ్గుతాయి. స్పీకర్‌లో వచ్చే సూచనలు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే ఉన్నాయి. అదృష్టవశాత్తూ చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన టెక్నాలజిస్ట్ ఒకాయన మైకు అందుకుని, "పెద్దాయనా, మామూలుగానే తీసుకోండి, గట్టిగా పీల్చొద్దు" అని చెబుతూ వచ్చారు.

ప్లాన్ సిద్ధం కావడానికి వారం పైన పట్టింది. గుండె, అన్నవాహిక, వెన్నుపాము, పక్కటెముకలు ఒక్కొక్కటీ గీసుకుని, దేనికెంత మోతాదు తగలవచ్చో లెక్కకట్టి, ఆ ప్లాన్‌ను మనిషి మీద ప్రయోగించే ముందు యంత్రం మీద ఒకసారి నడిపి కొలిచి చూస్తారు. ఈ పనిని రెండు రోజుల్లో ముగిస్తామని గొప్పలు చెప్పుకునే చోటుకు నేనైతే వెళ్లను. చికిత్స గదిలోనూ అదే శ్రద్ధ కనిపించింది. ప్రతి విడతకూ ముందు బల్ల మీదే కోన్ బీమ్ సీటీ అనే స్కాన్ తీసి పాత చిత్రంతో సరిపోల్చేవారు. రెండో విడతలో అవి కలవకపోతే, బయట తర్వాతివారి బంధువులు గొణుగుతున్నా లెక్కచేయక, మామగారిని లేపి, తనివితీరా దగ్గనిచ్చి, మొదటి నుంచి మళ్లీ పడుకోబెట్టారు. నొప్పి అన్నది లేదు. నీరసం, పొడి దగ్గు మాత్రం కొన్ని వారాలు ఉన్నాయి.

యంత్రం పేరు గురించి ఒక మాట. తరమణిలో 2019 నుంచి ప్రోటాన్ కణాలతో రేడియేషన్ ఇచ్చే కేంద్రం ఉన్నది, రోబో చేతితో కిరణాలు పంపే సైబర్‌నైఫ్ యంత్రం పేరు కూడా ఈ నగరంలో బాగా వినబడుతుంది. ఫోన్ చేసిన ప్రతి బంధువూ ఆ రెండింటి గురించే అడిగారు. మామగారికి వాడినది ఎక్స్‌రే కిరణాలతో పనిచేసే మామూలు లీనియర్ యాక్సిలరేటర్. ఛాతీ అంచున ఉన్న ఇలాంటి చిన్న కణితికి ప్రోటాన్లు ఎక్కువ మేలు చేస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు.

ఇక ఫిర్యాదులు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో, ఎస్‌బీఆర్‌టీ కోవకు చెందిన స్టీరియోటాక్టిక్ రేడియో సర్జరీ ఉన్నది. బీమా కంపెనీ వీటిని పూర్తిగా తోసిపుచ్చలేదు గానీ, పరిమితి పెట్టవచ్చు. మా పాలసీలో అలాంటి పరిమితి ఉన్నదన్న సంగతి బిల్లింగ్ కౌంటర్‌కు మొదటి రోజే తెలుసు, మాకు చెప్పినది మూడో విడత ముందు. ప్యాకేజీలో పెట్ సీటీ, బయాప్సీ కలవవని కూడా అప్పుడే తెలిసింది.

అంతకన్నా పెద్ద లోపం చివర్లో ఇచ్చిన ఒంటి పేజీ నివేదిక. అందులో మొత్తం మోతాదు, తేదీలు తప్ప మరేమీ లేవు. ఈ చికిత్స తర్వాత కిరణాలు తగిలిన మేర ఊపిరితిత్తి గట్టిపడి, కొన్ని నెలలకు సీటీలో గడ్డలాగే కనిపిస్తుంది. నెల్లూరులో తీయించిన స్కాన్ చూసిన రేడియాలజిస్ట్, పోల్చుకోవడానికి ఏమీ లేక, కణితి పెరిగి ఉండవచ్చని రాశారు. ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. చెన్నై వచ్చి చూపిస్తే, డాక్టరుగారు కిరణాలు ఎక్కడ ఎంత పడ్డాయో చూపే మోతాదు పటాన్ని ఆ స్కాన్ మీద పెట్టి, మచ్చ అంచులు కిరణాలు పడిన హద్దుతో కలుస్తున్నాయని చూపించి, మూడు నెలల తర్వాత మళ్లీ తీయించమన్నారు. ఆ స్కాన్‌లో మచ్చ కాస్త కుదించుకుంది.

ఆ పటాలు అడిగితే అదే రోజు ఇచ్చారు, అడగకపోతే ఇచ్చేవారు కారు. ఆఖరి విడత రోజున ప్లాన్ రిపోర్టు, మోతాదు చిత్రాలు, స్కాన్ చిత్రాలున్న డైకామ్ సీడీ చేతికి వచ్చాకే చివరి బిల్లు కట్టండి. మీ ఊళ్లో స్కాన్ తీయించే ప్రతిసారీ ఆ సీడీని రేడియాలజిస్ట్‌కు ముందే అందించండి.