సంతకమా, వీధా, సాక్ష్యమా: పిల్లల వాతావరణ ఉద్యమానికి శాస్త్రవేత్త అండ ఎలా ఉంటే మేలు?

2019 మార్చిలో, బడి మానేసి వీధుల్లోకి వచ్చిన పిల్లలను ఉద్దేశించి, వాతావరణ మార్పు సంగతి నిపుణులకు వదిలేయవలసిన విషయమని జర్మనీ రాజకీయ నాయకుడు క్రిస్టియన్ లిండ్నర్ అన్నారు. ఆ నిపుణులే, అంటే జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లకు చెందిన 26,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, పిల్లల ఆందోళన న్యాయమైనదేనని సంతకాలు చేశారు. నోరు మూయించడానికి వాడిన మాటే ఎదురు తిరిగింది. అయితే లోకమంతటికీ కలిపి చెప్పిన ఆ మాట శ్రీకాకుళం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి జతచేయడానికి అంతగా అక్కరకు రాదు.

రెండో దారి వీధి. 2022 ఏప్రిల్‌లో నాసా శాస్త్రవేత్త పీటర్ కల్మస్ లాస్ ఏంజెలిస్‌లో వాతావరణ నిరసనలో భాగంగా ఒక బ్యాంకు తలుపుకు తనను తాను గొలుసుతో కట్టుకుని అరెస్టయ్యారు. ఆ తెగువను తక్కువ చేయలేం గాని, సర్వీసు నిబంధనలకు లోబడిన ఎచ్చెర్ల విశ్వవిద్యాలయ అధ్యాపకుడిని అదే పని చేయమనడం, పోయే ఉద్యోగం తమది కానివారు ఇచ్చే సలహా.

నా మొగ్గు మూడో దారికే. అమెరికాలోని మోంటానాలో 16 మంది పిల్లలు, యువకులు తమ రాష్ట్ర ప్రభుత్వంపై వేసిన వాతావరణ దావాలో, 2023 జూన్‌లో స్టీవ్ రన్నింగ్ వంటి శాస్త్రవేత్తలు బోనెక్కి సాక్ష్యం చెప్పారు. ఆగస్టులో తీర్పు పిల్లల పక్షాన వచ్చింది. 2024 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఇది మనకెలా పనికొస్తుందో శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో చూడవచ్చు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటినా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. వజ్రపుకొత్తూరు విద్యార్థి ఎవరైనా "వాతావరణ మార్పు వల్లే తిత్లీ వచ్చింది" అని అట్ట మీద రాస్తే, అంతకుముందు తుపానులు రాలేదా అన్న ఒక్క ప్రశ్నకు ఆ వాదన కూలుతుంది. పక్కన శాస్త్రవేత్త ఉంటే ఆ వాక్యాన్ని దిద్దుతాడు: వేడెక్కిన సముద్రం తుపానుకు బలమిస్తుంది, వాన తీవ్రతను పెంచుతుంది, కాని ఒక్కొక్క తుపానులో ఆ వాటా ఎంతో విడిగా లెక్కకట్టాలి. నినాదంగా ఇది చప్పగానే ఉంటుంది, కాని ఎదురు ప్రశ్నకు నిలుస్తుంది.

ఈ జిల్లాకు ఇది కొత్తేమీ కాదు. సోంపేట బీల బంజరు కాదు, చిత్తడి నేల అన్న వాదన జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందుకు వెళ్లాక, 2010 జులై 14న అక్కడ కట్టదలచిన థర్మల్ విద్యుత్ కేంద్రం పర్యావరణ అనుమతి రద్దయింది. అదే రోజు బీల దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి కనుక, కాగితమే గెలిపించిందని ఎవరూ అనలేరు. కాని ఆ కాగితం ఎవరో ఒకరు తయారుచేయాలి. వానల లెక్కలు, తీరం కోత కొలతలు చదవగలిగినవారు ఆ పని తమ పేరుతో చేసి, సంతకం దాని కిందే పెట్టవచ్చు.